చతురంగ సంకలిత సంఖ్య: గణిత ధర్మాలు, పాఠ పరిష్కరణలో వాటి వినియోగం

1. ప్రస్తావన

శాస్త్ర విషయాలను పద్యరూపంలో నిబంధించడం మన పూర్వులు అవలంబించిన పద్ధతి. జ్యోతిషం, వైద్యం, ఛందస్సు, గణితం ఈ మార్గంలోనే తరతరాలుగా మనకు సంక్రమించాయి. అయితే గణిత గ్రంథానికి ఇతర గ్రంథాలకు లేని ఒక చిక్కు ఉన్నది. కావ్యంలో ఒక పదానికి బదులు దాని సమానార్థకం వచ్చి చేరితే భావంలో స్వల్పమైన ఛాయాభేదం కలుగవచ్చు. రసభంగం కాకనూ పోవచ్చు. సంఖ్యను చెప్పే పద్యంలో మాత్రం ఒక్క పదం తారుమారైనా సత్యం అసత్యమవుతుంది. ఆ అసత్యం ఛందస్సుకు లొంగి, వ్యాకరణానికి కట్టుబడి, నిర్దోషమైన పద్యంగానే నిలిచి ఉంటుంది.

మహావీరాచార్యుడు క్రీ.శ. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, గణితసారసంగ్రహాన్ని సంస్కృతంలో రచించాడు. దానిని తెనిగించిన కవి పావులూరి మల్లన. ఆయన గణితానికి చెందినదిగా పండిత లోకంలో ప్రచారంలో ఉన్న చంపకమాల ఒకటి, చతురంగ ఫలకంలోని 64 గళ్లలో మొదటి గడిలో 1, రెండవ గడిలో 2, మూడవ గడిలో 4, ఈ విధంగా రెట్టింపు చేసుకొంటూ పోతే వచ్చే మొత్తాన్ని భూతసంఖ్యా పదాలతో తెలుపుతున్నది. ఆ మొత్తం 20 అంకెల సంఖ్య:

18446744073709551615

మన పద్ధతిలో విరామాలు పెట్టి వ్రాస్తే 1,84,46,74,40,73,70,95,51,615. పద్యం సుప్రసిద్ధం కనుక దానిని ఇక్కడ ఉదాహరించడం లేదు. అందులోని సంఖ్యకు గల గణిత ధర్మాలను వివరించి, అవి ప్రాచీన గణిత గ్రంథాల పాఠ పరిష్కరణలో ఎట్లా ఉపకరిస్తాయో నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. ఛందస్సు పదాన్ని కాపాడుతుంది. సంఖ్యకు సహజమైన గణిత ధర్మం విలువను కాపాడుతుంది. ఈ రెండు రక్షణలూ పరస్పర పూరకాలు. పరిష్కర్త మొదటిదానితోనే తృప్తి పడరాదన్నది ఇక్కడి ప్రతిపాదన.

2. సంఖ్యోత్పత్తి

ప్రతి పదం ముందుపదానికి ఒకే సంఖ్యతో గుణింపబడి వచ్చే శ్రేణిని గుణశ్రేఢి అంటారు. ఇక్కడ ఆది 1, గుణం 2, గచ్ఛం 64. గుణాన్ని గచ్ఛ పర్యంతం తనతో తాను గుణించి, ఆదితో గుణించగా వచ్చిన గుణధనం నుండి ఆదిని తీసివేసి, ఒకటి తక్కువైన గుణంతో భాగిస్తే సంకలితం లభిస్తుందని మహావీరాచార్యుడు సూత్రించాడు. ప్రస్తుత ఉదాహరణలో గుణం 2 కనుక భాజకం 1 అవుతుంది. కాబట్టి 2ను 64 మార్లు గుణించగా వచ్చిన సంఖ్యలో 1 తగ్గిస్తే చాలు.

2ను 64 మార్లు గుణించడం శ్రమతో కూడిన పని. ఆ శ్రమను తగ్గించే ఉపాయం పింగళుని ఛందశ్శాస్త్రంలో ఎనిమిదవ అధ్యాయంలోనే ఉన్నది. గచ్ఛం సమసంఖ్య అయితే దానిని సగం చేయాలి. విషమ సంఖ్య అయితే ఒకటి తీసివేయాలి. ఇట్లా శూన్యం వచ్చేదాకా చేసి, తిరుగుముఖంగా వస్తూ, ఒకటి తీసిన చోట రెండుతో గుణించాలి. సగం చేసిన చోట వర్గం చేయాలి. 64ను సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1 వస్తాయి. సగం చేయడం ఆరు మార్లు, ఒకటి తీయడం ఒక మారు. కనుక తిరుగుముఖంగా మొదట 2, ఆపై వర్గాలు క్రమంగా 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616. అరవై నాలుగు గుణకారాలు చేయవలసిన చోట ఏడు క్రియలతో పని పూర్తి అయింది. చివరి దానిలో 1 తగ్గిస్తే మన సంఖ్య.

ఈ లెక్కకు ఛందశ్శాస్త్రంతో ఉన్న సంబంధం ఇంతటితో ముగియదు. పాదానికి 64 అక్షరాలున్న వృత్తాన్ని ఊహించి, ప్రతి అక్షరం లఘువో గురువో కావచ్చునంటే, ప్రస్తారంలో 2ను 64 మార్లు గుణించినన్ని వృత్తాలు వస్తాయి. ఒక వృత్తం ప్రస్తారంలో ఎన్నవదో తెలుసుకొనే ఉద్దిష్ట ప్రక్రియలో అక్షరాలపై 1, 2, 4, 8 అని రెట్టింపు అంకెలు వేసి, లఘువులపై ఉన్నవాటిని కూడి, 1 కలుపుతాము. అన్నీ లఘువులే అయిన 64 అక్షరాల పాదానికి ఈ ప్రక్రియ చేస్తే కూడిక ఫలం సరిగా మన చతురంగ సంఖ్యే. ఛందోవేత్తకు ఇది కొత్త సంఖ్య కాదు. 1 మొదలు 26 అక్షరాల వరకు గల సమవృత్తాల మొత్తం 13,42,17,726 అని లాక్షణికులు చెప్పిన లెక్క కూడ ఈ గుణశ్రేఢి నుండి వచ్చినదే.

3. స్థానాలు, పరిమాణం

మహావీరాచార్యుడు ఏకం మొదలు మహాక్షోభం వరకు 24 స్థానాలకు పేర్లు చెప్పాడు. ఆ క్రమంలో 19వ స్థానం శంఖం, 20వది మహాశంఖం. మన సంఖ్యలో మొదటి అంకె 1 మహాశంఖ స్థానంలోనూ, తరువాతి 8 శంఖ స్థానంలోనూ ఉన్నాయి. అంటే ఈ సంఖ్యను పలకడానికి ఆయన స్థాన నామావళి సరిపోవడమే కాక నాలుగు స్థానాలు మిగులుతాయి కూడ.

పరిమాణాన్ని మనసుకు తెచ్చుకొనడానికి ఒక ఉపమానం చాలు. సెకనుకు ఒకటి చొప్పున ఎడతెగక లెక్కిస్తే ఈ సంఖ్యను చేరడానికి సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. కల్పానికి 432 కోట్ల సంవత్సరాలు కనుక అది 135 కల్పాలకు పైమాట. గింజ బరువు 25 మిల్లీగ్రాములు అనుకొంటే ఇన్ని బియ్యపు గింజలు 46,000 కోట్ల టన్నులు దాటుతాయి. ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు మాత్రమే.

ఈ సంఖ్య ఒక్క దేశానికి పరిమితమైనదీ కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన కాలగణన గ్రంథంలో చతురంగ ఫలకపు లెక్కను చేసి చూపాడు. 13వ శతాబ్దికి చెందిన ఇబ్న్ ఖల్లికాన్ దానిని చతురంగ నిర్మాతకు రాజిచ్చిన వరం కథగా చెప్పాడు. 1883లో ఫ్రెంచి గణితవేత్త ఎడువార్డ్ ల్యూకా ప్రచురించిన బిళ్లల సమస్యకు అల్లిన కథలో, కాశీ ఆలయంలో 64 బంగారు బిళ్లలను ఒక స్తంభం నుండి మరొక స్తంభానికి మార్చడానికి కావలసిన కదలికలు సరిగా ఇన్నే. నేటి కంప్యూటర్లలో 64 ద్వ్యంక స్థానాలలో ఇమిడే అతిపెద్ద పూర్ణసంఖ్య కూడ ఇదే. ద్వ్యంక పద్ధతిలో దీని రూపం వరుసగా అరవై నాలుగు ఒకట్లు.

4. కారణాంకాలు

ఒక సంఖ్య వర్గం నుండి 1 తీసివేస్తే, ఆ శేషం ఆ సంఖ్యకు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయిన రెండు సంఖ్యల గుణకార ఫలం. ఈ ధర్మాన్ని మన సంఖ్యకు అన్వయిద్దాం. 18446744073709551616 అన్నది 4294967296 వర్గం. కాబట్టి మన సంఖ్య 4294967295, 4294967297ల లబ్ధం. ఇందులో మొదటిది ఫలకంలో సగభాగం, అనగా 32 గళ్ల సంకలితమే. దానిని మరల ఇట్లాగే విడదీస్తే 65535, 65537 వస్తాయి. 65535 పదహారు గళ్ల మొత్తం. అది 255, 257ల లబ్ధం. 255 ఫలకంలోని మొదటి వరుస మొత్తం. అది 15, 17ల లబ్ధం. 15 నాలుగు గళ్ల మొత్తం. అది 3, 5ల లబ్ధం. ఈ విధంగా

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

అవుతుంది. వీటిలో మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరవది కూడ ప్రధాన సంఖ్యే అని 17వ శతాబ్దిలో ఫెర్మా భావించాడు. 1732లో ఆయిలర్ అది 641 × 6700417 అని నిరూపించాడు. 641 దానిని నిశ్శేషంగా భాగిస్తుందనడానికి చక్కని ఉపపత్తి ఉన్నది. 641 అన్నది 640కి 1 ఎక్కువ. 640 అంటే 5 × 128. కనుక 641తో భాగించేటప్పుడు 5 × 128 బదులు ఋణ 1 వేసుకొనవచ్చు. దీనిని చతుర్ఘాతం చేస్తే 625తో 2 యొక్క 28వ ఘాతాన్ని గుణించిన లబ్ధానికి శేషం 1. కాని 641 అంటే 625 + 16 కూడ. అందువల్ల 625 బదులు ఋణ 16 వేసుకొనవచ్చు. 16 అంటే 2 యొక్క 4వ ఘాతం. అప్పుడు 2 యొక్క 32వ ఘాతానికి శేషం ఋణ 1 అని తేలుతుంది. దానికి 1 కలిపితే శేషం శూన్యం.

ఫలితంగా మన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు ఏర్పడ్డాయి: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏ ఒక్కటీ రెండు మార్లు రాలేదు. కాబట్టి దీనికి 128 భాజకాలుంటాయి. ఏ వర్గసంఖ్యా, 1 తప్ప, దీనిని నిశ్శేషంగా భాగించదు. 3తో భాగింపబడుతుంది కాని 9తో కాదు. 5తో భాగింపబడుతుంది కాని 25తో కాదు. ఈ విషయాలు పాఠ పరీక్షకు తొలి ఆధారాలు.

5. ఛందస్సు రక్షణ ఎంతవరకు?

భూతసంఖ్యా పద్ధతిలో ఆకాశవాచకాలు 0ని, చంద్ర భూమి వాచకాలు 1ని, నేత్ర వాచకాలు 2ను, అగ్ని వాచకాలు 3ను, వేద సముద్ర వాచకాలు 4ను, బాణ వాచకాలు 5ను, ఈ విధంగా ఆయా పదాలు అంకెలను సూచిస్తాయి. అంకెలు కుడి నుండి ఎడమకు నడుస్తాయి కనుక మొదట చెప్పిన పదం ఏకస్థానానికి చెందుతుంది. ఉదాహరణకు యుగ, కర, ఖ, చంద్ర అని వరుసగా చెబితే 1024 అవుతుంది.

ఈ పద్ధతిలోని సౌలభ్యం ఏమంటే ఒక్కొక్క అంకెకు పర్యాయ పదాలు అనేకం ఉండడం. కవి గణానికి తగిన పదాన్ని ఎన్నుకొనవచ్చు. లేఖకుడు శర శబ్దానికి బదులు బాణ శబ్దం వ్రాస్తే విలువ మారదు. రెండు లఘువుల చోట గురులఘువులు వచ్చి గణం చెడుతుంది. ఆ దోషాన్ని ఛందస్సు వెంటనే పట్టి ఇస్తుంది. కాని శర శబ్దానికి బదులు గిరి అనో, శశి అనో, రస అనో, వసు అనో వ్రాస్తే ఏమవుతుంది? ఇవన్నీ రెండు లఘువుల పదాలే. గణం చెడదు. విలువ మాత్రం 5 బదులు 7గానో, 1గానో, 6గానో, 8గానో మారిపోతుంది. పాదాదిలో యతి ప్రాసలు కొంత అడ్డుపడతాయి. యతిస్థానంలోని అక్షరానికి మైత్రి నియమం ఉన్నది. పాద మధ్యంలోని తక్కిన పదాలకు ఆ రక్షణ లేదు. అంటే పరిష్కర్తకు ప్రమాదకరం కాని దోషాన్ని ఛందస్సు పట్టుకొంటున్నది. ప్రమాదకరమైన దోషాన్ని వదలివేస్తున్నది.

రెండవ ప్రమాదం లేఖకుని వల్ల కాక వ్యాఖ్యాత వల్ల కలిగేది. కొన్ని సంకేత పదాలకు ఒకటికంటె ఎక్కువ విలువలున్నాయి. సముద్ర వాచకం సాధారణంగా 4. సప్త సముద్రాల ప్రసిద్ధి వల్ల 7 అని గ్రహించిన సందర్భాలూ ఉన్నాయి. లోక శబ్దం 3, 7, 14లలో దేనినైనా చెప్పవచ్చు. దిక్కులు 10, 8, 4. రంధ్ర శబ్దం శరీర ద్వారాలను బట్టి 9, శూన్యార్థంలో 0. ఇట్టి చోట్ల ప్రతి శుద్ధంగా ఉన్నా అర్థం సందిగ్ధమే.

6. పదిహేను: శేష పరీక్షలకు మూలం

లెక్క సరిచూడడానికి 9తో భాగించి శేషం చూసే పద్ధతి రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతంలో కనిపిస్తుంది. 9తోనే కాక ఇష్టమైన ఏ భాజకంతోనైనా ఇట్లా పరీక్షింపవచ్చునని నారాయణ పండితుడు 1356లో రచించిన గణితకౌముదిలో విస్తరించాడు. ఈ మార్గాన్ని మన సంఖ్యకు అన్వయించడానికి కింది రూపం మూలాధారం. 64 గళ్లలో మొదటి నాలుగింటి మొత్తం 15. మిగిలిన 60 గళ్ల మొత్తం, 16తో గుణింపబడిన 60 గళ్ల సంకలితం. కనుక మన సంఖ్య = 16 × (2 యొక్క 60వ ఘాతం − 1) + 15.

60 అన్నది అనేక భాజకాలున్న సంఖ్య కావడం ఇక్కడ విశేషం. 2 యొక్క 3వ ఘాతం 8ని 7తో భాగిస్తే శేషం 1. 6వ ఘాతం 64ను 9తో భాగిస్తే శేషం 1. 10వ ఘాతం 1024ను 11తో భాగిస్తే శేషం 1. 12వ ఘాతం 4096ను 13తో భాగిస్తే శేషం 1. 20వ ఘాతం 1048576ను 25తో భాగించినా, 41తో భాగించినా శేషం 1. ఈ 3, 6, 10, 12, 20 అన్నీ 60ని నిశ్శేషంగా భాగిస్తాయి. అందువల్ల 7, 9, 11, 13, 25, 41లలో దేనితో భాగించినా 60వ ఘాతానికి శేషం 1. కుండలీకరణంలోని భాగం లుప్తమై 15 మాత్రమే మిగులుతుంది. అంటే ఇరవై అంకెల ఈ మహాసంఖ్య ఈ భాజకాల ముందు కేవలం 15 వలె ప్రవర్తిస్తుంది. దీని నుండి నాలుగు పరీక్షలు ఏర్పడతాయి.

మొదటిది, అంత్యాంక పరీక్ష. 15ను తీసివేస్తే మిగిలినది 16తోనూ 25తోనూ, అనగా 400తో భాగింపబడాలి. కనుక సంఖ్య 15తో ముగియక తప్పదు.

రెండవది, నవశేష పరీక్ష. అంకెలను కూడితే 87. 8, 7 కలిపితే 15. దానిలో 9 పోగా 6. 15ను 9తో భాగించినా శేషం 6. సరిపోయింది.

మూడవది, త్రయ పరీక్ష. 7, 11, 13ల లబ్ధం 1001. కుడి నుండి మూడేసి అంకెలు విడదీసి ఒకదానిని కలుపుతూ ఒకదానిని తీసివేస్తూ పోతే 1001తో భాగించిన శేషం తెలుస్తుంది. 615 − 551 + 709 − 73 + 744 − 446 + 18 = 1016; 1001 పోగా 15. సరిపోయింది.

నాలుగవది, పంచక పరీక్ష. 99999ని 41 నిశ్శేషంగా భాగిస్తుంది కనుక ఐదేసి అంకెలు విడదీసి కూడవచ్చు. 18446 + 74407 + 37095 + 51615 = 181563. దీనిని 41తో భాగిస్తే లబ్ధం 4428, శేషం 15. ఇదీ సరిపోయింది.

అంకెల సంఖ్యకు, మొదటి అంకెలకు వేరొక ఆధారం ఉన్నది. 2 యొక్క 10వ ఘాతం 1024. దాని ఆరవ ఘాతం 10 యొక్క 18వ ఘాతానికి 1.15 రెట్ల పైన, 1.16 రెట్ల లోపు ఉంటుంది. దానిని 16తో గుణిస్తే 18.4కు, 18.6కు మధ్య పడుతుంది. కనుక సంఖ్య 20 అంకెలు గలదై 18తో మొదలు కావాలి. ఇరవై సంకేత పదాలలో ఒకటి లోపించినా, అధికమైనా ఈ అంచనా తెలియజేస్తుంది.

7. పాఠ నిర్ణయంలో వినియోగం

ఈ పరీక్షల శక్తిని నాలుగు సందర్భాలలో చూద్దాం.

మొదటి సందర్భం: పద్యంలో ఏడవ స్థానంలోని 9 రంధ్ర శబ్దంతో చెప్పబడింది. దానిని శూన్యార్థంలో గ్రహిస్తే సంఖ్య 18446744073700551615 అవుతుంది. నవశేష పరీక్షకు ఇది తెలియదు. 9 స్థానంలో 0 పెట్టినా కూడిక 87 బదులు 78 అయి, శేషం 6గానే ఉంటుంది. త్రయ పరీక్ష మాత్రం 15 బదులు 6 ఇస్తుంది. లోటు 9. ఒక్క అంకెలోనే దోషం ఉన్నదనుకొంటే, అది కుడి నుండి బేసి త్రయాలలో ఒకదాని ఏకస్థానంలో 9 తగ్గడం వల్లనో, సరి త్రయాలలో ఒకదాని ఏకస్థానంలో 9 పెరగడం వల్లనో కలగాలి. బేసి త్రయాల ఏకస్థానాలలో ఉన్నవి 5, 0, 4, 8. వీటిలో 9 కలిపినా ఒకే అంకెగా నిలిచేది 0 ఒక్కటే. సరి త్రయాల ఏకస్థానాలలోని 1, 3, 6లలో దేని నుండీ 9 తీయడం సాధ్యం కాదు. కనుక దోషమున్న చోటు ఒక్కటే, దాని సవరణ ఒక్కటే. రంధ్ర శబ్దానికి ఇక్కడ 9 తప్ప మరొక అర్థం కుదరదు. వ్యాఖ్యాత ఊహకు వదలివేయవలసిన అంశాన్ని గణితం నిర్ణయించింది.

రెండవ సందర్భం: పదమూడవ స్థానంలోని 4 సముద్ర వాచకంతో చెప్పబడింది. దానిని 7 అనుకొంటే అంకెల కూడిక 90 అవుతుంది. సంఖ్య 9తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. 3 ఈ సంఖ్యలో ఒక్క మారే కారణాంకమని ముందే చూశాము కనుక ఆ అర్థం తిరస్కార్యం.

మూడవ సందర్భం: అంకెల గతిని మరచి ఎడమ నుండి వ్రాస్తే 51615590737044764481 వస్తుంది. అంకెలు అవే కనుక నవశేషం మారదు. కాని అది 15తో ముగియదు, 5తో భాగింపబడదు. 11తో పరీక్షిస్తే శేషం 4 బదులు 7. పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనప్పుడు కూడ ఇంతే: 9తో తెలియని దోషం 11తో తప్పక బయటపడుతుంది.

నాలుగవ సందర్భం: 615, 709 అనే త్రయాలు పరస్పరం స్థానాలు మార్చుకొన్నాయనుకొందాం. నవశేష పరీక్షకూ త్రయ పరీక్షకూ తేడా కనబడదు. రెండు త్రయాలూ కలపవలసిన స్థానాలలోనే ఉన్నాయి. అప్పుడు పంచక పరీక్ష అక్కరకు వస్తుంది. 18446 + 74407 + 36155 + 51709 = 180717; 41తో భాగిస్తే శేషం 30. దోషం బయటపడింది. ఏ ఒక్క పరీక్షా సర్వసమర్థం కాదు. స్వభావం వేరైన పరీక్షలను జోడించినప్పుడే విశ్వసనీయత కలుగుతుంది.

మొత్తం గుణకారం మరల చేసి చూస్తే సరిపోదా, ఈ పరీక్షలెందుకు అన్న సందేహం రావచ్చు. గుణకారం శుద్ధ సంఖ్యను చెబుతుంది. ప్రతిలోని దోషం ఏ జాతిదో, ఏ పదం వల్ల కలిగిందో, పాఠాంతరాలలో ఏది మూలానికి దగ్గరో చెప్పదు. అదిగాక సూత్రం తెలిసిన సంఖ్యలకే గుణకారం వర్తిస్తుంది. గణన విధానం చెప్పని సంఖ్యలు గ్రంథాలలో అనేకం ఉంటాయి. అక్కడ సంఖ్యల మధ్యగల పరస్పర సంబంధమే శరణ్యం.

సూర్యసిద్ధాంతం ఇందుకు మంచి నిదర్శనం. అందులో మహాయుగానికి నాక్షత్ర దినాలు 1582237828, సావన దినాలు 1577917828, రవి భగణాలు 4320000. మొదటి దాని నుండి రెండవది తీసివేస్తే మూడవది రావాలి, వస్తున్నది. చంద్ర భగణాలు 57753336. వాటి నుండి రవి భగణాలు తీసివేస్తే చాంద్రమాసాలు 53433336. ఒక ప్రతిలో వీటిలో ఒక పదం చెడినా తక్కిన సంఖ్యలు దానిని నిలబెడతాయి. శాసనాలలో భూతసంఖ్యలతో చెప్పిన శకవర్షాలను తిథివారాలతో సరిచూడడం కూడ ఈ న్యాయానుసారమే.

8. ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు: చతురంగ సంకలిత సంఖ్య ఏడు భిన్న ప్రధాన సంఖ్యల లబ్ధం. 7, 9, 11, 13, 25, 41 అనే భాజకాల విషయంలో అది 15తో సమాన శేషం గలది. ఈ ధర్మాల సహాయంతో, సంఖ్యను చెప్పే పద్యంలోని సందిగ్ధ పదాలకు అర్థాన్ని నిర్ణయింపవచ్చు, దోషాన్ని గుర్తింపవచ్చు, కొన్ని చోట్ల దోషమున్న స్థానాన్ని కూడ ఏకైకంగా చూపవచ్చు. పరంపరాగతమైన ఆ చంపకమాలలోని ఇరవై పదాలను సంప్రదాయసిద్ధమైన విలువలతో గ్రహించినప్పుడు, అవి ఈ పరీక్షలన్నింటికీ నిలుస్తున్నాయి. కవి లెక్క శుద్ధం. దానిని కాపాడి మన చేతికి అందించిన పరంపర కూడ శుద్ధమే.

మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ, తంజావూరు సరస్వతీ మహలులోనూ తెలుగు లిపిలో ఉన్న తాళపత్ర ప్రతులు అనేకం ఉన్నాయి. వాటిలో గణిత జ్యోతిష గ్రంథాలను పరిష్కరించ బూనిన వారు యతి ప్రాసలను చూచినంత శ్రద్ధగా ప్రతి సంఖ్యకూ నవశేషాన్ని, త్రయశేషాన్ని చూచి, ఫలితాన్ని అధోజ్ఞాపికలో నమోదు చేయడం మంచిది. పాఠాంతరాలను ప్రతుల బలాబలాలను బట్టి మాత్రమే నిర్ణయించే అలవాటు కావ్యాలకు చెల్లుతుంది. గణిత గ్రంథంలో పది ప్రతులు ఒక అంకెను చెప్పి, ఒక్క శిథిల ప్రతి వేరొక అంకెను చెప్పినప్పుడు, శేషం ఆ శిథిల ప్రతి పక్షాన ఉంటే పరిష్కర్త దానినే స్వీకరింపవలసి ఉంటుంది.